కేయూ నుంచి కేఏ బ్యాండ్‌కి పోతే శాటిలైట్ హార్డ్‌వేర్ ఎందుకంత కష్టం? పని చేసినవాళ్ళు చెప్పండి

వేదాయపాళెం ఈసీఈ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఈసీఈ చివరి సంవత్సరం. సెమినార్‌కి హై త్రూపుట్ శాటిలైట్లు (ఎక్కువ డేటా మోసేవి) తీసుకున్నా. సీ, కేయూ, కేఏ అంటే శాటిలైట్లు వాడే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు: సీ 4-6 గిగాహెర్ట్జ్ దగ్గర, కేయూ 12-14, కేఏ 20-30. చదివేకొద్దీ ఒక సందేహం వదలడం లేదు.

2018 డిసెంబరులో పోయిన జీశాట్‌-11 బరువు 5,854 కిలోలు. వాడకందార్లకి పోయే 32 బీములు (ఒక్కో ప్రాంతానికి గురిపెట్టిన సిగ్నల్ ధారలు) కేయూ బ్యాండ్, హబ్ స్టేషన్లకి (నేల మీద నుంచి నెట్‌వర్క్‌ని నడిపే పెద్ద స్టేషన్లు) పోయే 8 బీములు కేఏ బ్యాండ్. 2024 నవంబరులో పోయిన జీశాట్‌-ఎన్2 మొత్తం కేఏనే, 32 బీములు, 48 జీబీపీఎస్. ఫ్రీక్వెన్సీ పెరిగితే బ్యాండ్‌విడ్త్ ఎక్కువ, యాంటెన్నా చిన్నది, అంతా లాభమే అన్నట్టుంది పుస్తకంలో. మరి మొదట్నుంచీ అందరూ కేఏలోనే ఎందుకు కట్టలేదు? బ్లాక్ డయాగ్రమ్‌లో అవే డబ్బాలు గదా: ఎల్ఎన్ఏ (వచ్చిన బలహీన సిగ్నల్‌ని పెంచేది), మిక్సర్ (ఫ్రీక్వెన్సీ మార్చేది), ఫిల్టర్ (కావాల్సిన ఫ్రీక్వెన్సీనే పోనిచ్చేది), పవర్ యాంప్లిఫయర్. 14 గిగాహెర్ట్జ్ అని ఉన్నచోట 30 అని రాస్తే సరిపోయేట్టుంది. అసలు కష్టం యాడుంది?

---

కావలి డిష్ | సోమవారం, రాత్రి 9:50

తమ్ముడూ, నేను ఇంజినీర్ని కాదు, కావలిలో కేబుల్ హెడ్‌ఎండ్ (శాటిలైట్ చానళ్ళు పట్టి ఊళ్ళోకి పంపే చోటు) నడుపుతున్నా. కింద నుంచి చూసేవాడి మాట చెప్తా.

మా మేడ మీద సీ బ్యాండ్ డిష్‌లు పన్నెండడుగులవి, మెష్‌వి. గాలి దూరిపోద్ది కాబట్టి తుపానుకి తట్టుకుంటాయి. కేయూకి మాత్రం సాలిడ్ డిష్ పెట్టాల్సిందే. 4 గిగాహెర్ట్జ్ అల ఏడున్నర సెంటీమీటర్లు, దానికి ఆ కన్నాలు లెక్కలోకి రావు. 12కి పోతే అల రెండున్నర సెంటీమీటర్లే, సిగ్నల్ కన్నాల్లోంచి కారిపోద్ది. ఒకసారి తుపానులో రేకు ఎగిరొచ్చి ఒక సాలిడ్ డిష్‌కి సొట్ట పడింది. అదే డిష్‌లో సీ బ్యాండ్ ఫీడ్ (డిష్ ముందు సిగ్నల్ పట్టే మూతి) పెడితే మామూలుగా వచ్చింది, కేయూ ఫీడ్ పెడితే సిగ్నల్ క్వాలిటీ సగానికి పడిపోయింది.

ఇంకోటి, ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందు ఉండే రిసీవర్ డబ్బా. పాత ఎల్ఎన్‌బీలు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేడెక్కి ఫ్రీక్వెన్సీ పక్కకి జరుపుతాయి. తక్కువ సింబల్ రేటు చానళ్ళు (సన్నటి ఫ్రీక్వెన్సీ జాగాలో వచ్చేవి) లాక్ కావు. సాయంత్రం చల్లబడితే వాటంతటవే వస్తాయి. నేల మీదే ఇట్టా ఉంటే పైన ఎట్టా ఉంటదో పెద్దోళ్ళు చెప్పాల.

వాన సంగతి వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరు దాటి ఈశాన్య వానలు మొదలైతే డీటీహెచ్ వాళ్ళ బొమ్మ పోద్ది, మా సీ బ్యాండ్ నిలబడతది. కేఏ అయితే ఇంకెంత పోద్దో.

---

సింగరాయకొండ మాస్టారు | సోమవారం, రాత్రి 11:05

నాయనా ఈసీఈ, ప్రశ్న చక్కగా అడిగావు. డిష్ గారు చెప్పిన సొట్ట, ఎల్ఎన్‌బీ వేడి, ఈ రెండిట్లోనే సగం జవాబు ఉంది. నేను మైక్రోవేవ్ కొలతల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యా. మొదట చేసిన ఊరు వదిలేసి ఇప్పుడు సింగరాయకొండలో ఉంటున్నా. నాకు తెలిసింది వరుసగా చెప్తా.

బ్లాక్ డయాగ్రమ్‌లో ఫిల్టర్ అని ఒక డబ్బా గీస్తావు. కేఏలో ఆ ఫిల్టర్ అంటే కాయిల్, కెపాసిటర్ కాదు. లోహంలో తొలిచిన ఖాళీ. ఆ ఖాళీ కొలతలే ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తాయి. ఆకారమే సర్క్యూట్. కాబట్టి ఫ్రీక్వెన్సీ పెంచడమంటే సర్క్యూట్ పని తగ్గి మెషీన్ షాపు పని పెరగడం. ఈ సంగతి కాలేజీలో ఎవరూ గట్టిగా చెప్పరు.

లెక్క చూడు. కేయూలో వాడే డబ్ల్యూఆర్-75 వేవ్‌గైడ్ (అలల్ని నడిపించే లోహపు గొట్టం) లోపలి కొలత 19.05 × 9.525 మిల్లీమీటర్లు. 30 గిగాహెర్ట్జ్ దగ్గర వాడే డబ్ల్యూఆర్-28 లోపలి కొలత 7.112 × 3.556. ఇంకా పైన 40, 50 గిగాహెర్ట్జ్ దగ్గరుండే క్యూ, వీ బ్యాండ్లకి పోతే డబ్ల్యూఆర్-22: 5.69 × 2.845. ఏడు మిల్లీమీటర్ల ఖాళీలో 10 మైక్రాన్లు తప్పితే 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పదుల మెగాహెర్ట్జ్ పక్కకి పోద్ది. పది మైక్రాన్లంటే తలవెంట్రుక మందంలో ఏడో వంతు. అందుకే ప్రతి కావిటీకీ (ఆ తొలిచిన ఖాళీకి) ట్యూనింగ్ స్క్రూలు పెట్టి, ఒక మనిషి నెట్‌వర్క్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పోతుందో చూపే కొలత యంత్రం) ముందు కూర్చుని స్క్రూడ్రైవర్‌తో కర్వ్ చూసుకుంటూ తిప్పుతాడు. ఒక స్క్రూ తిప్పితే పక్క కావిటీ కదులుద్ది. ఆ పనికి చేయి కుదరాలంటే ఏళ్ళు పడతాయి.

తర్వాత వేడి. అల్యూమినియం డిగ్రీకి మిలియన్‌లో 23 వంతులు వ్యాకోచిస్తుంది. 20 గిగాహెర్ట్జ్ ఫిల్టర్ అంటే డిగ్రీకి 0.46 మెగాహెర్ట్జ్ కిందికి జరుగుద్ది. యాభై డిగ్రీల తేడా వస్తే 23 మెగాహెర్ట్జ్. పక్క చానల్‌తో ఉన్న ఖాళీ జాగా దీనికే సరి. అందుకని అవుట్‌పుట్ మల్టీప్లెక్సర్లు (చానళ్ళన్నీ కలిపి యాంటెన్నాకి పంపే ఫిల్టర్ల గుత్తులు) ఇన్‌వార్‌తో చేస్తారు. ఇనుము-నికెల్ మిశ్రమం, వ్యాకోచం డిగ్రీకి మిలియన్‌లో ఒకటి, ఒకటిన్నర వంతులు. కానీ ఇన్‌వార్ బరువు, వేడిని సరిగ్గా లాగదు, మిల్లింగ్‌కి మొండికేస్తది. రెండు రకాల పోలరైజేషన్లని (అల ఊగే దిశల్ని) ఒకే కావిటీలో వాడుకునే డ్యూయల్ మోడ్ ఫిల్టర్లు 1970ల్లో అమెరికా శాటిలైట్ కంపెనీ కామ్‌శాట్‌లో అతియా, విలియమ్స్ చేసి చూపించింది ఈ బరువు తగ్గించడానికి కూడా పనికొచ్చింది: కావిటీల సంఖ్య సగమైంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. భూమ్మీద ఫిల్టర్ లోపల గాలి ఉంటది. గాలి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ ఒకటి కంటే మిలియన్‌లో దాదాపు 300 వంతులు ఎక్కువ, తేమ ఉంటే ఇంకా పైకి. అంతరిక్షంలో ఆ గాలి పోద్ది, ఫిల్టర్ 20 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 మెగాహెర్ట్జ్ పైకి జరుగుద్ది. కాబట్టి ట్యూన్ చేసేటప్పుడే ఆ మేరకు కిందికి పెట్టి ఉంచాలి. నేల మీద సరిగ్గా పనిచేస్తే పైన సరిగ్గా పనిచెయ్యదన్నమాట.

డిష్ సొట్ట సంగతి రేపు రాస్తా. దానికి సూత్రం ఉంది.

---

చీమకుర్తి మిల్లింగ్ | మంగళవారం, ఉదయం 7:20

మాస్టారూ, పొద్దున్నే మంచి మాట చదివించారు. మాది చీమకుర్తి. గ్రానైట్ మెషీన్ల దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాదులో సీఎన్‌సీ మిల్లింగ్ చేస్తున్నా. వేవ్‌గైడ్ ముక్కలు మా షాపుకీ వచ్చేయి.

పది మైక్రాన్లు కొట్టడం ఒక ఎత్తు, ఫినిష్ ఒక ఎత్తు. మామూలు పనికి ఉపరితలం గరుకు 0.8 మైక్రాన్లుంటే బ్రహ్మాండం అంటారు. వేవ్‌గైడ్ డ్రాయింగులో 0.4 లోపు అడుగుతారు, లోపలి గోడలకి. టూల్ కాస్త అరిగినా గీత పడతది. అంత అవసరం దేనికని అడిగితే కస్టమర్ నవ్వి ఊరుకున్నాడు. మీరు చెప్పండి.

---

సింగరాయకొండ మాస్టారు | మంగళవారం, ఉదయం 8:45

> అంత అవసరం దేనికని

మంచి ప్రశ్న. హై ఫ్రీక్వెన్సీ కరెంట్ లోహం లోపలికి పోదు, పైపొరలోనే పారుద్ది. రాగిలో 10 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర 0.66 మైక్రాన్లు, 30 దగ్గర 0.38. నీ ఉపరితలం గరుకు 0.8 అయితే గుంటలు, మిట్టలు కరెంట్ పారే పొర కంటే పెద్దవి. కరెంట్ ప్రతి మిట్టా ఎక్కి దిగాలి. దారి పొడుగు, నష్టం ఎక్కువ, ఆ నష్టం వేడి. అందుకే అల్యూమినియం మీద వెండి పూత వేస్తారు. మళ్ళీ పూత మందం మూలల్లో ఒకరకం, మధ్యలో ఒకరకం వచ్చిందంటే కొలతలు మారి ఫిల్టర్ జరుగుద్ది. నువ్వు కొట్టిన పది మైక్రాన్లని పూతవాడు తినెయ్యగలడు. ఇద్దరూ ఒకే డ్రాయింగ్ చూసుకుని మాట్లాడుకోవాల.

డిష్ గారి సొట్టకి సూత్రం రూజ్ అనే ఆయన 1966లో పెట్టాడు. డిష్ అద్దం ఉపరితలంలో తప్పు ఎంతో, దాన్ని అల పొడవుతో భాగించి, వర్గం చేసి, 686తో గుణిస్తే ఎన్ని డీబీలు (పవర్ తగ్గుదలకి కొలత, 10 డీబీ పోతే పదో వంతే మిగులుద్ది) పోయాయో వస్తది. అర మిల్లీమీటరు తప్పుకి 4 గిగాహెర్ట్జ్ దగ్గర నష్టం 0.03 డీబీ, ఎవరికీ తెలియను కూడా తెలియదు. 30 గిగాహెర్ట్జ్ దగ్గర అదే అర మిల్లీమీటరుకి 1.7 డీబీ. అంటే పంపిన పవర్‌లో మూడో వంతు వృథా. శాటిలైట్ అద్దం ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ, ఆకారం మారకూడదు. కార్బన్ ఫైబర్‌తో చేసేది బరువు కోసమే కాదు, వ్యాకోచం దాదాపు సున్నా కాబట్టి.

---

ఒంగోలు లావణ్య | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ ఒక మాటకి ఒప్పుకోను. నేను బెంగుళూరులో ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) బోర్డులు డిజైన్ చేస్తా. కష్టమంతా మెషీన్ షాపులోనే అంటే యాక్టివ్ పార్ట్‌ల (కరెంటుతో సిగ్నల్‌కి బలం ఇచ్చేవి) వాళ్ళకి అన్యాయం.

పవర్ యాంప్లిఫయర్ తీసుకోండి. శాటిలైట్‌లో ఇప్పటికీ ట్రావెలింగ్ వేవ్ ట్యూబులున్నాయి, ఎలక్ట్రాన్ ధారతో సిగ్నల్‌ని పెంచేవి. వ్యాక్యూమ్ ట్యూబు! 1962 జులైలో పోయిన అమెరికా శాటిలైట్ టెల్‌స్టార్‌లో ఉన్నదీ అదే జాతి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాంఫ్నర్ కనిపెట్టిన దాన్ని ఇంకా వదల్లేదు, ఎందుకంటే ఎఫిషియన్సీ 60 శాతం పైన ఇస్తది. కేఏలో గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ దాంట్లో సగం ఇవ్వడానికే ఇబ్బంది పడతది. వంద వాట్ల ఆర్ఎఫ్ కావాలంటే ట్యూబులో 60 వాట్ల చిల్లర వేడి, ట్రాన్సిస్టర్లలో రెండు వందల పైన. పైన ఫ్యాన్ తిప్పడానికి గాలి లేదు. వేడి లోహం గుండా అమోనియా హీట్ పైపులకి, అక్కడ నుంచి ఉత్తర, దక్షిణ ప్యానెళ్ళకి పోయి, రేడియేషన్‌గా మాత్రమే బయటికి పోవాలి. శాటిలైట్‌లో ఎన్ని బీములు పెట్టొచ్చు అనేది ఈ వేడి లెక్కే తేలుస్తది.

ట్యూబు తేలికని కాదు. ఆరేడు కిలోవోల్టుల సప్లై, శూన్యంలో, పదిహేనేళ్ళు. కేఏలో ఆ హెలిక్స్ తీగచుట్ట లోపలి వ్యాసం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, దాని మధ్య నుంచి ఎలక్ట్రాన్ ధార గోడకి తగలకుండా పోవాలి.

ఫేజ్ నాయిస్, అంటే ఫ్రీక్వెన్సీలో సన్నటి వణుకు, ఇంకోటి. 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 20 గిగాహెర్ట్జ్ చెయ్యాలంటే 2000 రెట్లు. నాయిస్ 66 డీబీ పెరుగుద్ది, ఎవరు చేసినా అంతే, తప్పించుకోలేం. 16ఏపీఎస్‌కే, 32ఏపీఎస్‌కే లాంటి, ఒకేసారి ఎక్కువ బిట్లు మోసే మాడ్యులేషన్ కావాలంటే క్రిస్టలే మంచిదై ఉండాలి.

ఈసీఈ తమ్ముడూ, నువ్వు బోర్డు చేస్తే ఒక మాట: కాలేజీలో దొరికే ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) మీద 24 గిగాహెర్ట్జ్ ప్యాచ్ యాంటెన్నా చెయ్యకు. దాని లాస్ టాంజెంట్ (సిగ్నల్‌ని ఎంత మింగుద్దో చెప్పే అంకె) 0.02. టెఫ్లాన్ రకం లామినేట్‌లలో 0.001 దగ్గర. ఎఫ్ఆర్4లో నీ సిగ్నల్ యాంటెన్నా దాకా రాకముందే వేడైపోద్ది.

---

వేదాయపాళెం ఈసీఈ | మంగళవారం, మధ్యాహ్నం 2:15

లావణ్యక్కా, మా బ్యాచ్‌లో ఇద్దరు అదే ఎఫ్ఆర్4 మీద 28 గిగాహెర్ట్జ్ ప్యాచ్ చేస్తన్నారు. వాళ్ళకి ఇది చూపిస్తా. మాస్టారూ, అక్క చెప్పినదానికి మీ మాట?

---

దర్శి కుర్రోడు | మంగళవారం, సాయంత్రం 4:00

ఇంత కష్టం దేనికబ్బా? ఊరూరా ఫైబర్ వచ్చేసింది. మా పొలం దగ్గర కూడా 4జీ ఉంది.

---

మైపాడు తీరం | మంగళవారం, సాయంత్రం 6:40

దర్శి తమ్ముడూ, మైపాడు నుంచి బోటు నాలుగు గంటలు లోపలికి పోనీ, నీ ఫైబర్ యాడుంటదో చూద్దాం. మా వాళ్ళ బోట్లకి శాటిలైట్ తప్ప దిక్కు లేదు. తుపాను హెచ్చరిక పోవాల్సింది బోటుకే గదా, ఇంట్లో ఉన్నోళ్ళకి కాదు.

నాదీ ఒక ప్రశ్న. బోటు మీద పెట్టేవి ఎస్ బ్యాండ్, ఎల్ బ్యాండ్ అంటారు, సీ కంటే కింద ఫ్రీక్వెన్సీలు. కేఏ అంత గొప్పదైతే బోటుకి కేఏ పెట్టొచ్చు గదా?

---

ఒంగోలు లావణ్య | మంగళవారం, రాత్రి 8:10

మైపాడు అన్నా, బోటు ఊగుతా ఉంటది. ఎస్ బ్యాండ్‌లో చిన్న యాంటెన్నా నలుదిక్కులా చూస్తది, ఎటు తిప్పినా అందుద్ది. కేఏలో సరిపడా గెయిన్ కావాలంటే సన్నటి బీమ్ కావాలి, దాన్ని ఊగే బోటు మీద నుంచి శాటిలైట్ వైపు పట్టి ఉంచాలంటే మోటార్లో, కదలకుండానే బీమ్‌ని తిప్పే ఫేజ్డ్ అర్రే యాంటెన్నానో కావాలి. ఓడలకి పెడతారు, చిన్న బోటుకి ఖర్చు తట్టుకోలేరు.

అటు పక్క బరువు శాటిలైట్ మోస్తది. 2015 ఆగస్టులో షార్ (శ్రీహరికోట) నుంచి పోయిన జీశాట్‌-6కి ఎస్ బ్యాండ్ కోసం 6 మీటర్ల వ్యాసం యాంటెన్నా పెట్టారు. అంత పెద్దది రాకెట్ ముక్కులో పట్టదు, గొడుగు తీరున మడిచి పైకి పోయాక విప్పారు. తక్కువ ఫ్రీక్వెన్సీకి దాని కష్టం దానికుంది.

---

సింగరాయకొండ మాస్టారు | మంగళవారం, రాత్రి 10:30

అమ్మా లావణ్యా, ట్యూబు, వేడి, ఫేజ్ నాయిస్ గురించి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. వేడి లెక్కలో నీ పక్షమే నేను. అయినా నా మాట మీద నిలబడతా. నువ్వు చెప్పిన హెలిక్స్ వ్యాసం, ధార గోడకి తగలకపోవడం, హీట్ పైపు ప్యానెల్‌కి అతుక్కోవడం, ఇవన్నీ మళ్ళీ కొలతల పనులే, అతుకుల పనులే. ట్రాన్సిస్టర్ బాగా లేకపోతే ల్యాబ్‌లోనే తెలిసిపోద్ది. అతుకు బాగా లేకపోతే పైకి పోయాక తెలుస్తది.

రెండు జబ్బులు చెప్తా. ఈ రెండూ డయాగ్రమ్‌లో కనపడవు.

మొదటిది మల్టీపాక్టర్. శూన్యంలో రెండు లోహపు గోడల మధ్య ఒక ఎలక్ట్రాన్ తిరుగుతా ఉంటది. ఆర్ఎఫ్ ఫీల్డ్ దాన్ని ఒక గోడకి కొడితే అక్కడ నుంచి ఒకటికి పైగా ఎలక్ట్రాన్లు రాలతాయి. సరిగ్గా ఆ సమయానికి ఫీల్డ్ దిశ మారి వాటిని ఎదురు గోడకి కొడుద్ది. ఫ్రీక్వెన్సీని, గోడల మధ్య దూరాన్ని గుణిస్తే వచ్చే విలువ ఒక పరిధిలో పడితే ఈ లెక్క కుదిరి, ఎలక్ట్రాన్లు ఒకటికి రెండై, రెండుకి నాలుగై ఉప్పెనవుద్ది. అప్పుడు పవర్ వెనక్కి తన్నుద్ది, పూత కాలిపోద్ది. నేల మీద గాలిలో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఇది రాదు. గాలి అణువులు ఎలక్ట్రాన్‌కి అడ్డం పడతాయి గదా. అందుకే వ్యాక్యూమ్ చాంబర్లో పెట్టి, పూర్తి పవర్ ఇచ్చి, ఇంకా ఎక్కువిచ్చి చూస్తారు. ఆ చాంబర్లో మొదటి ఎలక్ట్రాన్ పుట్టడానికి స్ట్రాన్షియం-90 మూలకమో, అతినీల దీపమో పెడతారు. విత్తనం లేకుండా టెస్ట్ చేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

దీనికి చుట్టం కరోనా డిశ్చార్జ్. పూర్తి శూన్యంలో రాదు, పూర్తి గాలిలో రాదు, మధ్యలో కొన్ని మిల్లీబార్ల దగ్గర వస్తది. రాకెట్ పైకి పోయేటప్పుడు సరిగ్గా ఆ ఒత్తిడి గుండా పోవాలి. అందుకే పవర్ యాంప్లిఫయర్లు ఆపేసి పంపుతారు, కక్ష్యలోకి పోయి లోపలి గాలంతా బయటికి పోయేదాకా ఆగుతారు. మూతలకి గాలి పోయే కన్నాలు పెట్టడం కూడా ఒక డిజైనే. కన్నం పెద్దదైతే ఆర్ఎఫ్ కారుద్ది, చిన్నదైతే గాలి నెలల తరబడి లోపలే ఉండిపోద్ది.

రెండోది పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్, పీఐఎం. దీని గురించి రేపు.

---

కావలి డిష్ | బుధవారం, ఉదయం 6:55

మాస్టారూ, రేపు అంటే ఈ రోజే. కాఫీ తాగి కూర్చున్నా.

---

సింగరాయకొండ మాస్టారు | బుధవారం, ఉదయం 9:20

సరే డిష్ గారూ. మీకు బాగా తెలిసిన సీ బ్యాండ్‌తోనే చెప్తా.

శాటిలైట్ 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్‌లో కిందికి పంపుద్ది, 5.925 నుంచి 6.425లో పైకి వచ్చేది వింటది. ఒకే యాంటెన్నాతో రెండు పనులూ చేయించారనుకోండి. పంపేవాటిలో ఒక చివర 3.7, ఇంకో చివర 4.2 ఉన్నాయి. దారిలో ఎక్కడో ఒక ఫ్లాంజ్ (వేవ్‌గైడ్ ముక్కల్ని కలిపే అంచు) సరిగ్గా బిగలేదు, లేదా అతుకులో ఆక్సైడ్ పొర ఉంది, లేదా బంగారు పూత కింద నికెల్ ఉంది. ఆ చోటు డయోడ్‌గా మారి ఈ రెండు ఫ్రీక్వెన్సీలనీ కలిపేస్తది. 4.2ని ఐదు రెట్లు చేసి, అందులోంచి 3.7 నాలుగు రెట్లు తీసెయ్యండి: 21 లోంచి 14.8 పోతే 6.2. సరిగ్గా వినే బ్యాండ్ మధ్యలో పడింది. ఐదూ నాలుగూ కలిపి తొమ్మిదో ఆర్డర్ కాబట్టి చాలా బలహీనంగా ఉంటది, నిజమే. కానీ పంపేది వంద వాట్లు, వినేది దానికంటే 150 డీబీకి పైగా కింద. ఆ బలహీనమైన చప్పుడు కూడా పైకి వచ్చే సిగ్నల్‌ని ముంచేస్తది.

ఇది స్థిరంగా ఉండే జబ్బు కాదు. వేడెక్కితే వస్తది, చల్లబడితే పోద్ది. విషువత్తుల రోజుల్లో శాటిలైట్ భూమి నీడలోకి 72 నిమిషాల దాకా పోద్ది. బయట ఉన్న ఫీడ్ గడ్డకట్టి, మళ్ళీ ఎండలోకి వచ్చి కాగుద్ది. అతుకులు ముడుచుకుని సాగినప్పుడల్లా చప్పుడు మారుద్ది. ఒక ల్యాబ్‌లో చూశా: రోజంతా శుభ్రంగా ఉన్న ఫీడ్ చాంబర్ చల్లబడేటప్పుడు కాసేపు మాత్రం పీఐఎం చూపించింది. వెతికితే ఒక బోల్టు కింద వాషర్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, అయస్కాంతానికి కొంచెం అంటుకునే రకం. వాషర్ మార్చారు, పోయింది. ఎన్ని సిమ్యులేషన్లు చేసినా ఆ వాషర్ కనపడదు.

అందుకే అతుకుల సంఖ్య తగ్గించడం, ఫీడ్‌ని వీలైనంత ఒకే ముక్కలో తొలవడం, ప్రతి బోల్టూ టార్క్ రెంచ్‌తో బిగించి రాసుకోవడం.

---

ఒంగోలు లావణ్య | బుధవారం, మధ్యాహ్నం 12:50

వాషర్ కథకి దణ్ణం మాస్టారూ. కొలతల మాటొచ్చింది కాబట్టి కనెక్టర్ల సంగతి నేను చెప్తా, విద్యార్థులు అందరూ పొరపడేచోటు ఇదే. ఎస్ఎంఏ కనెక్టర్ 18 గిగాహెర్ట్జ్ దాకా నమ్మొచ్చు. 40కి పోవాలంటే 2.92 మిల్లీమీటర్లది, 50కి 2.4ది, 67కి 1.85ది. చూడ్డానికి అన్నీ ఒకటే, 2.92కి ఎస్ఎంఏ తగులుకుంటది కూడా. కానీ చవక ఎస్ఎంఏ మధ్య పిన్ కాస్త పొడుగుంటే ఖరీదైన 2.92ని లోపల నుంచి పాడు చేస్తది. తగిలించేటప్పుడు నట్టు మాత్రం తిప్పాలి, కేబుల్ తిప్పకూడదు. కేబుల్ వంచితే ఫేజ్ మారుద్ది, క్యాలిబ్రేషన్ పోయినట్టే.

---

వేదాయపాళెం ఈసీఈ | బుధవారం, సాయంత్రం 5:30

వాన సంగతి మిగిలిపోయింది. దానికి హార్డ్‌వేర్‌లో మందేమైనా ఉందా?

---

ఒంగోలు లావణ్య | బుధవారం, రాత్రి 7:45

మందు లేదు, ఒడుపు ఉంది. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు, కేఏ అల సెంటీమీటరు. రెండూ దగ్గర దగ్గర సైజులు కాబట్టి చినుకు సిగ్నల్‌ని మింగుద్ది, చెదరగొడుద్ది. మన కోస్తా పెద్ద వానలో 20 డీబీ పోవడం వింతేం కాదు, అంటే నూటికి ఒక వంతు మిగలడం. అంత మార్జిన్ ముందే పెట్టుకుంటే వాన లేని రోజులన్నీ ఆ పవర్ దండగ. అందుకని వాన వచ్చినప్పుడు మాడ్యులేషన్ తగ్గించుకుంటారు, స్పీడు తగ్గుద్ది గానీ లింకు తెగదు. హబ్ అయితే పవర్ పెంచుద్ది. క్యూ, వీ బ్యాండ్‌లో అదీ చాలదు, గేట్‌వేలు (హబ్ స్టేషన్లే) దూరదూరంగా పెట్టి వాన లేనిచోటికి మారతారు. నాసా 1993లో పంపిన యాక్ట్స్ శాటిలైట్‌తో కేఏలో ఇలాంటివి పరీక్షించింది. యూరప్ వాళ్ళు 2013లో ఆల్ఫాశాట్ మీద క్యూ, వీ పేలోడ్ (శాటిలైట్ మోసే పరికరం) పెట్టారు. మనవాళ్ళు 2018 నవంబరులో షార్ నుంచి పంపిన జీశాట్‌-29లో క్యూ, వీ ప్రయోగ పేలోడ్ పెట్టారు. అది పోయింది గజ తుపాను రోజుల్లోనే.

---

మైపాడు తీరం | బుధవారం, రాత్రి 8:30

గుర్తుంది! తుపాను ఎటు పోద్దో అని ఒక పక్క, రాకెట్ పోద్దా లేదా అని ఒక పక్క చూస్తా ఉన్నాం. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలో కలిసినా మాకు మాత్రం మన షారే. అయితే పేలోడ్లు అక్కడే చేస్తారా?

---

సింగరాయకొండ మాస్టారు | బుధవారం, రాత్రి 9:15

లేదయ్యా. కమ్యూనికేషన్ పేలోడ్ చేసేది అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో. శాటిలైట్‌గా కూర్చేది బెంగుళూరులో. పైకి పోయాక చూసుకునేది హాసన్ కేంద్రం. షార్‌లో ఇంధనం నింపి రాకెట్‌కి ఎక్కిస్తారు.

ఎద్దులబండి మీద శాటిలైట్ ఫొటో చూసే ఉంటారు, 1981 నాటి మన శాటిలైట్ యాపిల్. పేదరికానికి గుర్తుగా దాన్ని చూపిస్తుంటే నాకు బాధేస్తది. యాంటెన్నా టెస్ట్‌కి చుట్టూ లోహం ఉండకూడదు, లారీ ఎక్కిస్తే దాని బాడీ అలల్ని తిప్పికొడుద్ది. చెక్కబండి అయితే ఆ బెడద లేదు. కొలత శుభ్రంగా రావడానికి చేసిన పని అది. ఒంగోలు గిత్తల జిల్లా వాళ్ళం, మనమైనా ఆ ఫొటోని సరిగ్గా చెప్పాల.

మన నేలకి ఇంకో చుట్టరికమూ ఉంది. గూడూరు, సైదాపురం అభ్రకం. పాత రేడియో వాల్వుల్లో లోపలి భాగాల్ని కదలకుండా పట్టుకునే పలకలు అభ్రకానివే, ట్రాన్స్‌మిటర్ కెపాసిటర్లూ అభ్రకానివే. ఇప్పటికీ ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీసి లోపల పక్కగోడ చూడండి, వేవ్‌గైడ్ మూతికి ఒక పల్చటి పలక ఉంటది. చాలావాటిలో అది అభ్రకమే. 2.45 గిగాహెర్ట్జ్ దానిగుండా దాదాపు నష్టం లేకుండా పోద్ది.

---

వేదాయపాళెం ఈసీఈ | గురువారం, ఉదయం 10:10

సెమినార్ సరిపోయింది, ప్రాజెక్టు కూడా దీనిమీదే చెయ్యాలనిపిస్తంది. మా ల్యాబ్‌లో చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్ ఉంది, 6 గిగాహెర్ట్జ్ దాకానే. కేఏ కుదరదు. ఏం చెయ్యొచ్చు మాస్టారూ?

---

సింగరాయకొండ మాస్టారు | గురువారం, ఉదయం 11:40

6 దాకా చాలు. ఒక అల్యూమినియం కావిటీ చెయ్యి, వేడి చేసి ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో కొలువు. కేఏలో జరిగేదే జరుగుద్ది, అంకెలు చిన్నవి అంతే.

5 గిగాహెర్ట్జ్‌కి చదరపు కావిటీ అయితే భుజం 42.4 మిల్లీమీటర్లు, ఎత్తు 20. పైన మూత పెట్టే డిజైన్ వద్దు. కరెంట్ పైగోడ మధ్య నుంచి అంచులకి పారి పక్కగోడల మీదికి దిగుద్ది, మూత అతుకుని దాటాల్సి వస్తది, నష్టం. మధ్యకి నిలువునా చీల్చి రెండు సగాలుగా చెయ్యి. ఆ చీలికని కరెంట్ దాటదు. అసలు వేవ్‌గైడ్ ఫిల్టర్లు చీల్చేది కూడా ఈ సూత్రం మీదే. రెండు ఎస్ఎంఏల పిన్నులు లోపలికి కొంచెమే రానివ్వు, ఎక్కువొస్తే క్యూ (బ్యాండ్ కాదు, కావిటీ ఎంత పదునుగా మోగుద్దో చెప్పే అంకె) పడిపోద్ది.

డిగ్రీకి 0.115 మెగాహెర్ట్జ్ కిందికి రావాలి. 25 నుంచి 65కి పోతే 4.6 మెగాహెర్ట్జ్. లోపల సిలికా జెల్ పొట్లం పెట్టి మూసి ఒక రోజు ఆరబెట్టు, కొలిచే ముందు తీసెయ్యి. మన తీరం గాలిలో తేమ కూడా ఫ్రీక్వెన్సీని జరుపుద్ది.

---

చీమకుర్తి మిల్లింగ్ | గురువారం, మధ్యాహ్నం 1:05

నేను కొట్టిస్తా తమ్ముడూ, 6061 రకం అల్యూమినియం ముక్క మా దగ్గరుంది. ఒక సగం 21.2 లోతు, నోరు 42.4 × 20. ఒక సంగతి: ఎండ్ మిల్ గుండ్రంగా ఉంటది కాబట్టి లోపలి మూలల్లో 3 మిల్లీమీటర్ల రేడియస్ వస్తది. పర్లేదా?

---

సింగరాయకొండ మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 1:50

పర్లేదు. ఆ మూలల్లో అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటది, అక్కడ ఖాళీ తగ్గితే ఫ్రీక్వెన్సీ కొంచెం పైకి పోద్ది. పైగోడ మధ్యలో, చీలిక గీతకి కాస్త పక్కగా, ఎం4 స్క్రూ పెట్టండి. అక్కడ విద్యుత్ క్షేత్రం ఎక్కువ కాబట్టి స్క్రూ దింపితే ఫ్రీక్వెన్సీ కిందికి వస్తది. తిప్పి సరిగ్గా 5 దగ్గర పెట్టి, నట్టుతో లాక్ చేసి, అప్పుడు వేడి చెయ్యమను.

---

వేదాయపాళెం ఈసీఈ | గురువారం, మధ్యాహ్నం 2:20

స్క్రూ ఇత్తడిదా, స్టీల్‌దా మాస్టారూ?

---

సింగరాయకొండ మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 2:25

ఇత్తడి. రెండోసారి స్టీల్ పెట్టి క్యూ ఎంత పడిపోయిందో కూడా కొలువు, ప్రాజెక్టులో ఒక పేజీ అవుద్ది.